పరదేశ విద్య - స్వంత వ్యాపారము

చిత్తూరు సీమలోని మామిడితోటల నడుమ పెరిగినవారును, పాడిపశువుల మీద బ్రదుకు కుటుంబములలో పుట్టినవారును నేడు ఉన్నత విద్యకై అమెరికా మొదలగు దేశములకు పోవుచున్నారు. వారి చదువు నిమిత్తము కొందరు తల్లిదండ్రులు పొలము తాకట్టు పెట్టుదురు. కొందరు బ్యాంకులలో అప్పు చేయుదురు. అచ్చటికి చేరిన పిమ్మట చురుకైన విద్యార్థికి ఒక ఆలోచన తోచును: "చేతిలో విద్య యున్నది. నేనే యొక వ్యాపారమును ఏల ప్రారంభింపరాదు?" ఆలోచన మంచిదే. కాని అడుగు వేయుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

వీసా యనగా ఒక దేశము పరదేశీయునకు ఒక నిర్ణీతమైన పనికై యిచ్చు అనుమతి. అమెరికాలో చదువుకొనువారికి సాధారణముగా నిచ్చునది ఎఫ్-1 వీసా. దాని ననుసరించి, తరగతులు జరుగు దినములలో విద్యార్థి తన విద్యాలయ ప్రాంగణములో వారమునకు 20 గంటలకు మించకుండ పని చేయవచ్చును. వెలుపల పని చేయుటకు వేరుగా అనుమతి కావలెను. స్వంత కంపెనీలో చేయు పనియు పనియే. "నేను జీతము తీసికొనలేదు గదా!" యన్నంత మాత్రమున తప్పు ఒప్పు కాదు. నియమము మీరినవాడు విద్యార్థి హోదాను కోల్పోయి, చదువు ముగియకయే తిరిగి రావలసి వచ్చును. అప్పుడు ఇంటిమీద అప్పు మిగులును. చేతికి పట్టము రాదు.

అట్లయిన విద్యార్థి చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? అక్కరలేదు. ప్రజలకు ఏ వస్తువు కావలయునో పరిశీలింపవచ్చును. వ్యాపార ప్రణాళికను వ్రాసికొనవచ్చును. కంపెనీలో వాటా కలిగియుండుటకు సాధారణముగా అడ్డు లేదు. సరకు నమ్ముట, పనివారిని నడుపుట మాత్రము అనుమతి లేనిదే కూడదు. చదువు ముగిసిన పిదప, నేర్చిన విద్యకు సంబంధించిన పని చేయుటకు 12 నెలల అనుమతిని కోరవచ్చును. దీనిని ఓపీటీ యందురు. ఈ కాలములో తన విద్యకు తగిన స్వంత వ్యాపారమును నడుపవచ్చును. విజ్ఞాన, ఇంజనీరింగు శాస్త్రములు చదివినవారికి మరి 24 నెలల పొడిగింపు కలదు. కాని అప్పుడు వేరొక యజమాని క్రింద పని చేయవలెను. ఇంగ్లండులో విద్యార్థి వీసా మీద నున్నవారికి స్వంత వ్యాపారము సాధారణముగా నిషిద్ధము. ఇట్టి నిబంధనలు మారుచుండును. కావున సందేహము కలిగినప్పుడు స్నేహితుల మాట నమ్మక, విశ్వవిద్యాలయములో విదేశ విద్యార్థులకై నియమితుడైన అధికారిని అడుగవలెను.

పరదేశములో నాటిన విత్తు పరదేశములోనే ఫలింపవలెనను నియమము లేదు. మన సీమలోనే ఇందులకు నిదర్శనము కలదు. చిత్తూరు జిల్లా పేటమిట్ట గ్రామమునకు చెందిన గల్లా రామచంద్రనాయుడుగారు ఇంజనీరింగు చదివి, అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయములో ఉన్నత విద్య నభ్యసించిరి. ఆ దేశములో అనేక సంవత్సరములు ఇంజనీరుగా పనిచేసి, అనుభవము గడించి స్వదేశమునకు మరలి వచ్చిరి. 1985లో తిరుపతి సమీపమున కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల సంస్థను స్థాపించిరి. మాటిమాటికి నీరు పోయనక్కరలేని బ్యాటరీలను ఆ సంస్థ తయారుచేసినది. టెలిఫోను శాఖకును, రైల్వేలకును అవి ఉపయోగపడెను. 2000లో మోటారు వాహనములకై అమరాన్ బ్యాటరీ వెలువడెను. ఆ కర్మాగారములలో చుట్టుప్రక్కల పల్లెలవారు ఎందరో పని నేర్చి, జీవనోపాధి పొందిరి.

స్వదేశమున వ్యాపారము చేయుటకు ఏ వీసాయు నక్కరలేదు. పెట్టుబడి, ఓర్పు, నేర్పు మాత్రము కావలెను. పరదేశమున విద్య నేర్చునపుడు ఆ దేశపు చట్టమును మన్నించుట పిరికితనము కాదు. అది తల్లిదండ్రుల కష్టమును కాపాడుకొనుట. తొందరపడి చదువును పోగొట్టుకొన్నవానికంటె, తగిన సమయమునకై వేచియున్నవాడే పదిమందికి అన్నము పెట్టగలడు.