కొత్తగా గైడ్ అయిన చిరంజీవికి: ప్రాజెక్టు విద్యార్థులను దిద్దే పద్ధతి

డిగ్రీ ప్రాక్టికల్స్‌లో జవాబు ముందే తెలుసు. సీనియర్ రికార్డులోని విలువకు దగ్గరగా రీడింగు సర్దేసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థే, ప్రాజెక్టు పేరుతో పొదిలి బోరు నీళ్ల సీసా పట్టుకుని ల్యాబ్‌లోకి వస్తాడు. ఆ సీసాలో ఫ్లోరైడ్ ఎంతుందో ఎవరి రికార్డులోనూ లేదు. గైడ్ పని అక్కడ మొదలవుతుంది.

మార్కాపురం వైపు కొత్తవారికి ఫ్లోరైడ్ బాగా కుదిరే అంశం. షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి ప్రచురించిన వ్యాసం దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి నివేదికల్లో ఒకటి. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. 1970లో ప్రకాశంలోకి వచ్చాయి. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. కొలతలో అర మిల్లీగ్రాము తేడా వస్తే చాలు, మంచి బోరు చెడ్డదవుతుంది, చెడ్డది మంచిదవుతుంది.

అందుకే మొదటి రెండు మూడు వారాలు ఊరి నీళ్లు ముట్టనివ్వకపోవడం మేలు. 1, 10 మిల్లీగ్రాముల స్టాండర్డ్ ద్రావణాలు విద్యార్థే తయారుచేసి, బఫర్ కలిపి, ఎలక్ట్రోడ్‌తో రోజూ కొలవాలి. ఫ్లోరైడ్ పది రెట్లు మారితే 25 డిగ్రీల దగ్గర మీటరు సుమారు 59 మిల్లీవోల్టులు మారాలి. బాగా తగ్గితే ఎలక్ట్రోడ్‌నో ద్రావణాన్నో అనుమానించాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టాండర్డ్‌నూ ఎండలో తిరిగొచ్చిన సీసానూ వెంటనే కొలిస్తే అంకె తప్పుతుంది. ఎవరూ చెప్పకుండా విద్యార్థి ఇది పట్టుకున్న రోజును గైడ్ తన డైరీలో రాసుకోవచ్చు. పని విసుగే, కానీ పెద్ద ఆవిష్కరణలకూ ముందు కొలత కుదరాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించింది కూడా భాస్వరాన్ని కొలిచే పద్ధతే. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ ఆ తర్వాతే వాళ్ల చేతికి చిక్కాయి.

ఎన్ని నమూనాలయ్యాయని అడిగే గైడ్‌కు నమూనాలే దొరుకుతాయి. వారానికోసారి అబ్జర్వేషన్ పుస్తకాన్ని బల్ల దగ్గరే తెరిపించి చూడాలి. ఫెయిర్ రికార్డు అడగనక్కర్లేదు. కొట్టివేత కింద పాత అంకె కనబడుతోందా, వైట్‌నర్ పూశారా? ఊరు, వీధి, బోరు లోతు, తేదీ సీసా మీదే ఉన్నాయా? మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి. ఒకే నమూనా మూడు రీడింగులూ అచ్చుగుద్దినట్టుంటే అదీ అడగదగ్గ విషయమే. అప్పుడప్పుడు పాత నమూనాకు కొత్త నంబరు వేసి మళ్లీ కొలిపించాలి. తప్పు రీడింగు చూపించినవాళ్లను నలుగురిలో తిడితే, ఆ ల్యాబ్‌లో తప్పు రీడింగులు మరి కనబడవు.

గిద్దలూరు, కంభం నుంచి వచ్చే పిల్లలు సాయంత్రం బస్సు కోసం గడియారం చూస్తారు. అది బద్ధకం కింద లెక్క కాదు. స్టాండర్డ్‌ల పని పొద్దున్నే పెట్టుకోవాలి.

ఫలితం ఊరికి చెప్పే భారం విద్యార్థి మీద వేయకూడదు. 1.5 దాటితే అదే బోరు నీళ్లు మరో రోజు తెచ్చి కొలిచాక, గైడ్ సంతకంతో పంచాయతీకీ గ్రామీణ నీటి సరఫరా శాఖకూ రాయాలి. ఆ కాగితంలో కొలిచిన విద్యార్థి పేరు ఉండాలి.