వంకలో మీసాల చేప

నల్లమల కొండల్లో వానలు పడితే వంకలు పారతాయి. కొన్ని వంకలు కుందూ నదిలో కలుస్తాయి. కుందూ పోయి పెన్నలో కలుస్తుంది.

ఎండాకాలంలో చాలా వంకలు ఎండిపోతాయి. అక్కడక్కడ మడుగులు మిగులుతాయి. చేపలు ఆ మడుగుల్లోనే ప్రాణం నిలుపుకుంటాయి.

వంకల్లో ఒక రకం చేప నీళ్ల అడుగున, రాళ్ల సందుల్లో ఉంటుంది. ఇంగ్లీషులో దీన్ని లోచ్ అంటారు. ఇందులో ఎన్నో జాతులున్నాయి. తెలంగాణలోని కవ్వాల్ అడవిలో దొరికిన ఒక కొత్త జాతికి 2020లో తెలంగాణ పేరే పెట్టారు.

గుర్తు పట్టేదెట్లా?

ఇది వేలెడంత ఉంటుంది. ఒళ్లు సన్నన. నోరు కిందివైపు ఉంటుంది. మూతి దగ్గర పొట్టి మీసాలుంటాయి. చాలా వాటికి ఒంటిమీద నల్ల పట్టీలుంటాయి. రాయి కదిలిస్తే చటుక్కున ఇంకో రాయి కింద దూరుతుంది.

జెల్లకూ మీసాలుంటాయి. కానీ అవి పొడుగు. జెల్ల రెక్కలో ముల్లు గుచ్చుకుంటుంది.

చైనా, వియత్నాం కొండవాగుల్లో ఇంకో రకం ఉంది. దాని పొట్ట చదునుగా, రెక్కలు విసనకర్రల్లా ఉంటాయి. రాయికి అతుక్కుంటుంది. దీన్ని గాజు తొట్టిలో పెంచుకుంటారు.

చేప ఎందుకు చచ్చిపోయింది?

ఒక పిల్లోడు వంకలో చేపను పట్టి సీసాలో వేశాడు. తెల్లారేసరికి అది చచ్చిపోయింది.

"నీళ్లు పోసినా. బువ్వ గూడా వేసినా. ఎందుకు చచ్చిపోయిందమ్మా?"

"నీళ్లుంటే చాలదు నాయనా. నీళ్లల్లో గాలి ఉండాల," అంది తల్లి.

ఆమె మాట నిజం. పారే నీళ్లు రాళ్ల మీద దుముకుతాయి. అప్పుడు గాలి కలుస్తుంది. నిలవ నీళ్లలో గాలి తక్కువ. నీళ్లు వేడెక్కితే ఇంకా తక్కువ. కర్నూలు, కడప ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కదా! పైగా మెతుకులు కుళ్లి నీళ్లు చెడతాయి.

పెంచాలంటే

1. వెడల్పు గాజు తొట్టి కావాలి. అడుగున ఇసుక, నున్నని గులకరాళ్లు పరచాలి. మూత పెట్టాలి.
2. నీళ్లు తిప్పే మోటారు రాత్రింబవళ్లు ఆడాలి.
3. తొట్టిని నీడలో ఉంచాలి. నీళ్ల వేడి 25 డిగ్రీలు దాటకుంటే మేలు.
4. బ్లీచింగు కలిసిన కొళాయి నీళ్లు చేప మొప్పలను చెరుపుతాయి. వాటిని వెడల్పు పాత్రలో ఒక రోజు ఉంచి పోయాలి.
5. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. అన్నీ ఒకేసారి మార్చరాదు.
6. రాళ్ల మీది పాచి, చిన్న పురుగులు దీని మేత. కొంచెమే వేయాలి.

కరెంటు పోతే మోటారు ఆగుతుంది. చేపకు ముప్పు. ఇవన్నీ కుదరకపోతే చేపను చూసి, పట్టిన చోటే వదలాలి. కొన్న చేపను మాత్రం వంకలో వదలరాదు. దాని రోగాలు మన చేపలకు అంటవచ్చు. అభయారణ్యంలో అనుమతి లేకుండా చేపలు పట్టడం నేరం.

మడుగులో మందు కలిపి చేపలు పట్టరాదు. పిల్ల చేప కూడా మిగలదు. గొర్రెలు, మేకలు తాగేదీ ఆ నీళ్లే. మడుగు బాగుంటేనే వచ్చే వానకు వంకలో చేప ఉంటుంది.

చదివి చెప్పండి

1. జెల్లకూ, ఈ చేపకూ తేడా ఏమిటి?
2. సీసాలో చేప ఎందుకు చచ్చిపోయింది?
3. మీ ఊరి వంకలో ఎండాకాలం మడుగు మిగులుతుందా? దాన్ని కాపాడడానికి మీరేం చేస్తారు?