గడ్డకట్టిన నేల – దానిని కొలుచు విధము

ధ్రువప్రాంతములనగానే మన మనస్సులకు తెల్లని మంచుమైదానములు, సముద్రమున తేలియాడు హిమఖండములు స్ఫురించును. కాని ఆ ప్రాంతముల ప్రజలు ఇండ్లు కట్టుకొనుటకు, బాటలు వేసికొనుటకు ఆధారము కంటికి కనబడు ఆ మంచు కాదు. కాలిక్రింద రాయివలె గడ్డకట్టియున్న నేల. వేలయేండ్లుగా కదలక మెదలక యున్న ఆ నేల నేడు వేడెక్కుచున్నది. భూమిలోపల, మనుష్యుని దృష్టికి అందనిచోట జరుగుచున్న ఈ మార్పు మనకెట్లు తెలియవచ్చినది? ఎవరు కొలిచిరి? ఏ సాధనములతో కొలిచిరి? ఈ ప్రశ్నలకు సమాధానమును మన విద్యార్థులకు తేటతెల్లముగా వివరించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

నిత్యహిమభూమి యనగానేమి?

ఇట్టి నేలకు ఇంగ్లీషున 'పెర్మాఫ్రాస్ట్' అని పేరు. 1943లో సైమన్ ముల్లర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు అమెరికాలో ఈ మాటను వాడుకలోనికి తెచ్చెను. మనము దీనిని 'నిత్యహిమభూమి' అని వ్యవహరింతము. వరుసగా రెండు సంవత్సరములైనను సున్న డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని, అంతకు తక్కువగాని ఉష్ణోగ్రతలోనుండు నేల యేదైనను నిత్యహిమభూమియే. ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఈ నిర్వచనములో మంచు ప్రసక్తియే లేదు. నీటిచుక్క లేని పొడిరాయియైనను ఆ చలిలో రెండేండ్లున్నచో నిత్యహిమభూమి యనిపించుకొనును. కావున దీనిని గుర్తించుటకు కన్ను చాలదు, ఉష్ణమాపకము కావలెను.

నిత్యహిమభూమిపై మరియొక పొర యుండును. అది వేసవిలో కరగి, శీతకాలమున తిరిగి గడ్డకట్టును. దీనిని 'క్రియాశీల పొర' యందురు. గడ్డి, నాచు, పొదలు వేరూనుకొనునది ఈ పొరయందే. దీని మందము కొన్నిచోట్ల జానెడు, మరికొన్నిచోట్ల కొన్ని మీటర్లు. దీని క్రిందనుండు నిత్యహిమభూమి మందమో, సైబీరియా ఉత్తరభాగమున కొన్నిచోట్ల సుమారు 1,500 మీటర్లు. రష్యా దేశ వైశాల్యమున ఇంచుమించు మూడింట రెండువంతులు ఈ నేలయున్న మండలములోనిదే. అలాస్కా, కెనడా, గ్రీన్లాండు, అంటార్కిటికాలలోను, టిబెట్టు పీఠభూమిలోను, మన లడఖ్‌లోని ఎత్తయిన పర్వతప్రదేశములలోను ఇది కలదు.

బావి త్రవ్వగా బయల్పడిన సత్యము

ఈ శాస్త్రమునకు పునాది ఒక బావిలో పడినదనుట అతిశయోక్తి గాదు. సైబీరియాలోని యాకుత్స్క్ నగరమున ఫ్యోదర్ షెర్గిన్ అను వర్తక సంస్థోద్యోగి 1827లో నీటికొరకు బావి త్రవ్వింప మొదలిడెను. ఎంత లోతునకు పోయినను గడ్డకట్టిన నేలయే గాని నీరు లేదు. పదియేండ్లు త్రవ్వి, 1837 నాటికి 116 మీటర్ల లోతునకు చేరి పని చాలించిరి. నీటికై త్రవ్విన బావి ఆ విధముగా వ్యర్థమైనను, విజ్ఞానమునకు అది నిధియైనది. 1840ల మధ్యకాలమున అలెగ్జాండర్ మిడెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు ఆ బావిగోడలలో వేర్వేరు లోతులందు ఉష్ణమాపకములనమర్చి కొలతలు తీసికొనెను. క్రిందికి పోయినకొద్దీ చలి తగ్గుచున్నదనియు, అయినను అడుగున కూడ నేల గడ్డకట్టియే యున్నదనియు తేలినది. భూమిలోపలినుండి వచ్చు వేడి, పైనుండి దిగు చలి – ఈ రెండింటి సమతుల్యమే నిత్యహిమభూమి మందమును నిర్ణయించునను భావమునకు ఈ కొలతలు బలమిచ్చినవి. ఆ యాకుత్స్క్ నగరమునందే నిత్యహిమభూమి పరిశోధనకై ప్రత్యేకముగా ఒక సంస్థ 1960లో ఏర్పడి నేటికిని పనిచేయుచున్నది.

ఇనుప కడ్డీ, రంగునీటి గొట్టము

నేటి సాధనములలో మొట్టమొదట చెప్పదగినది మిక్కిలి సామాన్యమైనది. అది ఒక ఉక్కు కడ్డీ. వేసవి చివర, నేల అత్యధికముగా కరగియుండు దినములలో, ఈ కడ్డీని నేలలోనికి గ్రుచ్చుదురు. మెత్తని మట్టిని దాటి గడ్డకట్టిన పొరను తాకగానే కడ్డీ ఆగిపోవును. అంతవరకు దిగిన లోతే ఆ యేటి క్రియాశీల పొర మందము. అయితే ఒక్కచోట గ్రుచ్చిన చాలదు. నాచు దట్టముగానున్నచోట తక్కువగాను, ఇసుకనేలలో ఎక్కువగాను కరగును. అందుచే నూరు మీటర్ల భుజముగల చతురస్రమును గుర్తించి, పదేసి మీటర్లకొక బిందువు చొప్పున గళ్ళు గీసి, మొత్తము 121 బిందువులందు కొలిచి సరాసరి తీయుదురు. 1991లో ప్రారంభమైన అంతర్జాతీయ క్రియాశీలపొర పరిశీలనా ప్రణాళిక క్రింద అనేక దేశములలో ఏటేట ఇట్టి కొలతలు జరుగుచున్నవి.

రెండవ సాధనము రంగునీటి గొట్టము. పారదర్శకమైన గొట్టములో రంగు కలిపిన నీటిని నింపి నేలలో నిలువుగా దింపుదురు. నీరు గడ్డకట్టునపుడు రంగును తనలో నిలువనీయక వెలికి నెట్టును. కావున గొట్టమును పైకి తీసి చూచినచో గడ్డకట్టిన భాగము తేటగాను, కట్టని భాగము రంగుగాను కనబడును. చిన్న పిల్లవాడైనను దీనిని చదువగలడు.

బోరుబావి – భూమి దినచర్య గ్రంథము

లోతైన నేల సంగతి తెలియవలెనన్న బోరుబావి తప్పదు. సన్నని బోరు వేసి, అందులో థర్మిస్టర్లను నిర్ణీతమైన లోతులలో వరుసగా వ్రేలాడదీయుదురు. థర్మిస్టరనగా ఉష్ణోగ్రతనుబట్టి విద్యున్నిరోధము మారు చిన్న పరికరము. పైననుండు యంత్రము ఆ కొలతలను గంటగంటకు నమోదు చేయుచుండును.

పగలు రాత్రి భేదము నేలలో కొలదిలోతువరకే తెలియును. వేసవి, శీతకాలముల భేదము అంతకన్న లోతునకు పోయినను, సాధారణముగా పదినుండి ఇరువది మీటర్ల లోపుననే అణగిపోవును. ఆ లోతున ఏడాది పొడవున ఒకే ఉష్ణోగ్రత యుండును. అచట పదియేండ్లలో అరడిగ్రీ పెరిగినదనగా, అది ఒకనాటి ఎండ ఫలితము గాదు, వాతావరణమున కలిగిన స్థిరమైన మార్పునకు సాక్ష్యము. అంతకన్న లోతైన బావులు గతకాలపు సంగతులను గూడ చెప్పును. ఉపరితలమున కలిగిన వేడి క్రిందికి దిగుటకు దశాబ్దములు పట్టును గనుక, లోతును ఉష్ణోగ్రతను రేఖాపటమున గీచినపుడు ఆ రేఖయందలి వంపు గడచిన కాలపు చరిత్రగా నుండును. ఉత్తర అలాస్కాలో చమురుకొరకు వేసిన బావులలోని వంపులను పరిశీలించి, అచటి నేల ఉపరితలము ఇరువదవ శతాబ్దిలో 2 నుండి 4 డిగ్రీల మేర వేడెక్కినదని లాకెన్‌బ్రుక్, మార్షల్ అను శాస్త్రజ్ఞులు 1986లో ప్రకటించిరి.

1999లో ప్రపంచమందలి ఇట్టి బోరుబావులను, క్రియాశీల పొర కొలతలను ఒక్క వ్యవస్థక్రిందికి తెచ్చిరి. 2007–08 అంతర్జాతీయ ధ్రువ సంవత్సర సందర్భమున మరెన్నో బావులు వెలసినవి. ఈ కొలతల ఫలితము 2019లో వెల్లడియైనది. 2007 నుండి 2016 వరకు పదియేండ్లలో ప్రపంచ నిత్యహిమభూమి సగటున 0.29 డిగ్రీలు వేడెక్కినది. అంకె స్వల్పమే. కాని ఆ వేడి చేరినది వెచ్చదనము సులభముగా చేరని లోతునకని మరువరాదు.

కొలతను చదువుటలో మెలకువ

ఇచట రెండు మెలకువలు చెప్పవలసియున్నవి. మొదటిది: ఉష్ణోగ్రత పెరుగకపోయినంతమాత్రమున క్షేమమనుకొనరాదు. ఒక గ్రాము మంచును ఒక డిగ్రీ వేడిచేయుటకు అర కెలోరి చాలును; అదే గ్రాము మంచును సున్న డిగ్రీలవద్ద కరగించుటకు 80 కెలోరీలు కావలెను. ఇది మన విద్యార్థులు గుప్తోష్ణమను పాఠమున చదివినదే. కాబట్టి సున్నను సమీపించిన నేలలో ఉష్ణమాపకము కదలక నిలిచియుండగా, లోపల మంచు కరగిపోవుచునే యుండవచ్చును.

రెండవది: కడ్డీ చెప్పిన లోతు మారకపోయినను నేల మారియుండవచ్చును. నేలలోని మంచు కరగి నీరు పోయినచో ఉపరితలమే క్రుంగును. మనము క్రుంగిన నేలపై నిలిచి కొలుచుచున్నందున తేడా తెలియదు. అందుచే స్థిరమైన గుర్తులనుండి నేల యెత్తును వేరుగా కొలుతురు. ఉపగ్రహములనుండి రాడారు కిరణములతో సెంటీమీటరు ప్రమాణమునందలి క్రుంగుబాటును పసిగట్టుదురు. కొలత ఒక్కటే చాలదు. ఒక కొలతకు మరొక కొలత సాక్షిగా నిలువవలెను.

ఈ శ్రమ యెందుకు?

కేవల జిజ్ఞాసకొరకే ఇంత శ్రమయా యని కొందరడుగవచ్చును. 1977లో పూర్తియైన అలాస్కా చమురు గొట్టపుమార్గమును చూడుడు. దాని పొడవు సుమారు 1,290 కిలోమీటర్లు. వేడి చమురు ప్రవహించు గొట్టమును నేలలో పూడ్చినచో చుట్టునున్న మంచు కరగును. అందుచే నేల స్వభావమును ముందుగా పరిశీలించి, సగమునకు పైగా మార్గమును 78,000 స్తంభములపై నిలిపిరి. అనేక స్తంభములలో అమోనియా నింపిన గొట్టములు కలవు. శీతకాలమున నేలలోని వేడికి అమోనియా ఆవిరియై పైకి వచ్చి, చలిగాలికి ద్రవమై క్రిందికి జారుచు, ఏ యంత్రమును లేకయే నేలను చల్లబరచుచుండును.

మరొకవైపు, 2020 మే 29న రష్యాలోని నోరిల్స్క్ నగర సమీపమున ఒక విద్యుత్కేంద్రపు ఇంధనపు తొట్టి, ఆధారస్తంభములు క్రుంగుటచే బ్రద్దలై, సుమారు 21,000 టన్నుల డీజిలు నేలను, నదిని ముంచెత్తినది. నేల కరగుట యొకవైపు, నిర్మాణ నిర్వహణ లోపములు మరొకవైపు కారణములుగా చర్చింపబడినవి. ఏది ఎట్లున్నను, క్రింది నేలను అనుక్షణము కనిపెట్టియుండుట ఎంత అవసరమో ఈ దుర్ఘటన చాటినది.

ఇక యావత్ప్రపంచమునకు సంబంధించిన ముప్పు వేరొకటి కలదు. వేలయేండ్లుగా కుళ్ళక నిలిచియున్న వృక్షజంతు శేషములరూపమున ఈ నేలలలో సుమారు 1,500 వందకోట్ల టన్నుల కర్బనము నిక్షిప్తమై యున్నది. ఇది నేడు వాయుమండలమందున్న కర్బనమునకు ఇంచుమించు రెట్టింపు. నేల కరగినచో సూక్ష్మజీవులు దానిని తిని కార్బన్ డయాక్సైడుగాను, మీథేనుగాను మార్చి గాలిలోనికి విడుచును. అది భూమిని మరింత వేడెక్కించును.

మన విత్తనములును అచటనే

ఇదంతయు దూరదేశపు సంగతియని మనము ఉదాసీనులమై యుండరాదు. నార్వే దేశమునకు చెందిన స్వాల్బార్డ్ ద్వీపములలో ఒక కొండను తొలిచి, నిత్యహిమభూమిలో ప్రపంచ విత్తన భాండాగారమును 2008లో నెలకొల్పిరి. మన హైదరాబాదు చెంత పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థ తాను సేకరించిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలగు మెట్టపంటల విత్తనముల నకళ్ళను అచట భద్రపరచినది. యంత్రములతో విత్తనములను మైనస్ 18 డిగ్రీలలో నుంచుదురు. యంత్రము ఆగినను చుట్టునున్న గడ్డకట్టిన కొండ వానిని కాపాడవలెనని సంకల్పము. కాని 2016లో వర్షములకు, కరగిన మంచునకు ప్రవేశ సొరంగములోనికి నీరు వచ్చినది. విత్తనములకు హాని కలుగలేదు. అయినను సొరంగము చుట్టునున్న నేల అనుకొనినట్లు తిరిగి గడ్డకట్టలేదని గ్రహించి, దానిని నీరు చొరని కాంక్రీటుతో పునర్నిర్మించిరి. అదే ద్వీపములలో నై-ఆలెసుండ్ చెంత 1998 నుండి నిత్యహిమభూమి ఉష్ణోగ్రతలను ఎడతెగక నమోదు చేయుచున్నారు. మన దేశపు 'హిమాద్రి' పరిశోధనా కేంద్రము 2008లో వెలసినది ఆ నై-ఆలెసుండ్ నందే.

తెగిన దారము

కొలతల వరుస దారమువంటిది. నడుమ తెగిన భాగమును తరువాత ఎవ్వరును పూరింపజాలరు. 2022లో ఉక్రెయిన్ యుద్ధము తీవ్రమైన పిమ్మట రష్యాతో పాశ్చాత్య సంస్థల శాస్త్రసహకారము చాలవరకు నిలిచిపోయినది. ఆర్కిటిక్ నిత్యహిమభూమిలో అధికభాగము ఆ దేశముననే యున్నందున, ఇతర దేశముల శాస్త్రజ్ఞుల పటములలో పెద్ద ఖాళీ యేర్పడినది. దేశముల నడుమ కలహము వచ్చినను నేల కరగుట మానదు గదా!

ఈ స్థితిలో మనకు ఉత్సాహము గొలుపు దృష్టాంతమొకటి అలాస్కాలో కలదు. అచటి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు కెంజి యోషికావా గ్రామగ్రామమునకు పోయి, పాఠశాలల చెంత బోరులు వేసి, రంగునీటి గొట్టములనమర్చెను. వానిని చదివి లెక్క వ్రాయువారు ఆ పాఠశాలల విద్యార్థులే. పెద్ద పరిశోధనాలయములు లేని మారుమూలల కొలతలు ఆ బాలబాలికలవలన శాస్త్రమునకు లభించినవి.

మన నేల గడ్డకట్టదు. కాని వేసవిలో కాగును, తొలకరికి చల్లబడును. కళాశాల కార్యవర్గమువారికి మా విన్నపమొకటే. ఆవరణలో ఒక మూలను ఎంచి, అందొక మట్టి ఉష్ణమాపకమునుంచి, ప్రతిదినము ఒకే వేళకు చూచి వ్రాయుటకు ఒక రిజిస్టరును ఏర్పరచవలెను. ఒక తరగతి విద్యార్థులు కళాశాల విడిచిపోవునపుడు దానిని తరువాతివారి చేతికి అప్పగింపవలెను. ఖర్చు స్వల్పము, కావలసినది క్రమశిక్షణ. మిడెన్‌డార్ఫ్ బావిలో చేసినదియు, అలాస్కా బాలురు నేడు చేయుచున్నదియు ఇదియే. మన విద్యార్థులును ఈ పనికి పూనుకొందురని ఆశించుచున్నాము.