పారుట, ఓడుట, పరారి యగుట

మొన్నటి అర్ధసంవత్సర పరీక్షలో తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు "రక్షకభటులను చూచి దొంగ ఓడిపోయెను" అని వ్రాసెను. నేను ఎర్రసిరాతో ఆ మాట కొట్టివేసి, పైన "పారిపోయెను" అని దిద్ది, ఒక మార్కు తగ్గించితిని. ఆ బాలుని ఇంట తెలుగు, వీధిలో కన్నడము, అంగడిలో తమిళము. కాగితములు పంచిన నాడు అతడు నా బల్ల యొద్దకు వచ్చి, "అయ్యా, పరుగెత్తువానిని చూచి అందరును ఓడు, ఓడు అనియే కదా కేకలు వేయుదురు?" అని యడిగెను. అది తెలుగు కాదని చెప్పి పంపివేసితిని. కాని ఆ సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. సెలవు దినములలో నిఘంటువులు ముందు పెట్టుకొని కూర్చుంటిని. కనుగొన్న దానిని విద్యార్థులకు చెప్పుట నాకు బాకీ.

మొదట నేను దిద్దిన మాటను చూతము. "పారిపోవు" అనుదానిలోని ధాతువు "పారు". పూర్వము దీనిని శకటరేఫముతో "పాఱు" అని వ్రాసెడివారు. దీనికి పరుగెత్తుట యనియు, ప్రవహించుట యనియు అర్థములు. ఏరు పారును, చేనికి నీరు పారును, అందుండియే "నీటిపారుదల" వచ్చినది. కనుచూపు పారినంత దూరము అందుము. తలచిన యుపాయము నెగ్గినచో పాచిక పారినదందుము. ఇల్లు విడిచి తిరుగువాడు పారుబోతు. కదలిక యెక్కడ నున్నదో అక్కడ నీ మాట యున్నది. భయము దాని మూలార్థములో లేదు. "పోవు" అను క్రియ వచ్చి చేరిన పిమ్మటనే అది తప్పించుకొని పోవుట యైనది.

కన్నడమెరిగిన విద్యార్థులు "హారు" అను మాటను వినియుందురు. పక్షి ఎగురుటకును, మనిషి దుముకుటకును ఆ మాటయే. పాత కన్నడమున అదియును "పాఱు" అనియే యుండెను. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి, మన పువ్వు వారికి హూవు అయినట్లే పాఱు హారు అయినది. ఒక్క ధాతువు, మన వైపు నీటిని పట్టుకొన్నది, వారి వైపు రెక్కలు తొడుగుకొన్నది.

ఇక ఆ బాలుడు వ్రాసిన "ఓడు". తమిళమున, కన్నడమున దీనికి పరుగెత్తుట, పారిపోవుట అని యర్థము. తమిళులు దానిని టకార స్థానమున నుండు అక్షరముతో వ్రాసినను, అచ్చుల నడుమ డకారముగనే పలుకుదురు. తెలుగున "ఓడు" అనగా పరాజయము పొందుట. ఈ రెంటికిని చుట్టరికము లేదని మొదట తోచును. కాని పాత తెలుగున ఓడుటకు మరియొక యర్థము కలదు: జంకుట, వెనుదీయుట. పాపమునకు ఓడనివాడు అనగా పాపమునకు భయపడనివాడు. ఈ నడిమి మెట్టు దొరకినచో దారి స్పష్టమగును. పరుగెత్తుట, జంకి వెనుకకు పరుగెత్తుట, జంకుట, అటుపై గెలుపు కోలుపోవుట. యుద్ధభూమిలో వెన్నుచూపి పరుగెత్తినవాడే కదా ఓడినవాడు! తమిళమున పరుగునకు పేరైన "ఓట్టం" అను మాటకు పరాజయమను అర్థము నిఘంటువులలో నుండుట ఈ యూహకు గట్టి సాక్ష్యము. కన్నడమున "ఓట" యనగా పందెపు పరుగు. మనకు "ఓటమి" యనగా అపజయము. ఆటల పోటీలనాడు కన్నడ బాలురు ఉత్సాహముతో "ఓడు, ఓడు" అని కేకలు వేయుచుండగా, క్రొత్తగా ఊరికి వచ్చిన తెలుగు బాలుడు తనను ఓడిపొమ్మనుచున్నారని చిన్నబోయినచో వానిని తప్పుపట్టరాదు. (ఎన్నికలలో వేయు ఓటు ఇంగ్లీషు మాట, దానికిని దీనికిని సంబంధము లేదు.)

సంస్కృతము నుండి వచ్చినది "పలాయనము". ఇందు "పరా" అను ఉపసర్గము, పోవుటను తెలుపు "అయ" ధాతువు ఉన్నవి; దూరముగా పోవుట యని భావము. మరి రేఫము లకార మెట్లయ్యెను? ఈ ధాతువు పరమైనపుడు ఉపసర్గములోని రేఫము లకారమగునని పాణిని అష్టాధ్యాయి 8వ అధ్యాయము, 2వ పాదము, 19వ సూత్రమున విధించెను. పరాజయము, పరాభవములందు అదే ఉపసర్గము మారక నిలిచినది. షోలాపురము వైపు బంధువులున్నవారు మరాఠీ "పళణే" యను మాటను, బరంపురము వైపు వారు ఒడియా "పళాయిబా" యను మాటను వినియుందురు. రెండును పలాయనపు సంతతియే. ఆ భాషలలో అవి వీధిమాటలు. మనకు మాత్రము ఇది గ్రంథభాష. "పలాయనము చిత్తగించెను" అని వేళాకోళమునకు వాడుటయే మనలో ఎక్కువ.

"పరారి" యను మాటను చూచి ఇదియును "పరా" ఉపసర్గముతో ఏర్పడినదే యని మీలో కొందరు అనుకొనవచ్చును. అది పొరపాటు. అరబ్బీలో "ఫిరార్" అనగా పారిపోవుట. అది పారసీకము, ఉర్దూల మీదుగా "ఫరారీ" యై, ఖైదు, జామీను, ఫిర్యాదు మున్నగు వానితోపాటు కచేరీల భాషగా మనకు చేరినది. తెలుగు నోట "ఫ" నిలువక "ప" యైనది. కన్నడమునను ఇదే రూపము, మరాఠీలో "ఫరార్". సంస్కృతమునను "పరారి" యను పదము కలదు, కాని దాని యర్థము నిరుటికి ముందటి యేడు అని! సంస్కృత నిఘంటువు ఒక్కటే చూచి అర్థము చెప్పినచో దొంగ రెండేండ్ల వెనుకకు పోవును.

హిందీ నుండి వచ్చిన "ఉడాయించు" ఎగురుటకు సంబంధించినది. "బిచాణా ఎత్తివేయు" అనుటలో బిచాణా పరుపు. పక్క చుట్టుకొని పోవుట యన్నమాట. "కాలికి బుద్ధి చెప్పు" అను పలుకుబడి కన్నడమునను మాట మాటకు సరిగా నున్నది. ఎవరు ఎవరి నుండి గైకొనిరో చెప్పజాలము. పొరుగిండ్ల వారికి పప్పు, ఉప్పుల లెక్క యుండదు.

సెలవుల పిమ్మట ఆ బాలుని పిలిచి ఇదంతయు చెప్పితిని. మార్కు తిరిగి యీయలేదు. నేటి తెలుగున దొంగ ఓడిపోడు, పారిపోవును. కాని అది తెలుగు కాదని నేనన్న మాట తప్పని వానితో ఒప్పుకొంటిని. వాడు కొంతసేపు ఆలోచించి, "అయితే అయ్యా, మా అవ్వ దడుచుకొని పారిపోవుటను మరొక మాటతో చెప్పును" అనెను. ఆ మాట ఏదో వానికి అప్పుడు తోచలేదు. ఇంటి కేగి అడిగి వ్రాసికొని రమ్మంటిని. మీరును మీ ఇండ్లలోని పెద్దల నడిగి, వారి మాటలను వ్రాసి తెండు. వచ్చిన మాటలన్నియు వచ్చే సంచికలో ప్రకటింతుము.