పొలిమేర దాటవలసిన ప్రణాళిక

చిరంజీవి మేనకోడలికి,

పంచాయతీ కార్యదర్శిగా ఉద్యోగమున చేరిన వెంటనే గ్రామాభివృద్ధి ప్రణాళిక వ్రాయుటకు పూనుకొంటివనియు, అందు మరియొక బోరు వేయించుటయే ముఖ్యకార్యముగా చేర్చితివనియు నీ లేఖవలన తెలిసికొని సంతసించితిని. అమ్మాయీ, ఆ పద్దును ఇప్పుడే కొట్టివేయుమని నేను చెప్పను. కాని గ్రామసభ ముందుంచుటకు పూర్వము ఒక్క విషయము ఆలోచింపుము. ఊరి పొలిమేరను రెవెన్యూ పటము నిర్ణయించును. భూగర్భజలము ఆ పటము నెరుగదు. ఎగువ గ్రామమువారు బోరుల క్రింద ఏటేటా వరి విస్తరించుచు పోయినచో, దిగువనున్న నీ బోరు ఎంత లోతునకు దించినను వట్టిపోవచ్చును. పొరుగు పంచాయతీతో కూడి వ్రాయని జలప్రణాళిక సగము ప్రణాళికయే యని నా అభిప్రాయము.

ఇది మన కరవు సీమల రైతులే ఆచరించి చూపిన సంగతి. ఈ శతాబ్దపు తొలి దశకమున, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ అను 7 జిల్లాలలో రైతులే భూగర్భజలమును నిర్వహించుకొనెడి పథక మొకటి నడిచెను. అందు ఏ వాగులోనికి వాననీరు చేరునో ఆ వాగు పరీవాహక ప్రాంతము నంతయు, ఎన్ని గ్రామములున్నను, ఒక్క యూనిట్‌గా గ్రహించిరి. స్త్రీలును పురుషులును వర్షమాపకము చూచి వాన వ్రాసికొనుచు, బోరులోనికి టేపు దించి, దాని కొన నీటిని తాకగానే పైన మ్రోగెడి చప్పుడు విని లోతు చదివి, ఆ అంకెలను అందరికి కనబడునట్లు ఊరిలో బోర్డు మీద ఎక్కించుచుండిరి. రబీకి ముందు ఆ వాగు పరిధిలోని ఊళ్లవారందరు ఒక్కచోట చేరి, భూమిలో నీరెంత యున్నది, వేయదలచిన పైరులకు ఎంత కావలెను అని లెక్క కట్టి, లోటు తేలినచోట వరి తగ్గించి ఆరుతడి పంటలు వేయవలెనా యని ఎవరికి వారే నిశ్చయించుకొనెడివారు. అందు రాయితీ లేదు, జరిమానా లేదు, అధికారి ఆజ్ఞయు లేదు. తమ చేతులతో కొలిచిన లెక్క గనుకనే ఇరుగుపొరుగు గ్రామములు దానిని నమ్మినవి. ఆ నమ్మకమును నేను ఏ చట్టముకంటెను గొప్పదిగా తలంతును.

అట్లని చట్టమును అలక్ష్యము చేయకుము. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చి పంచాయతీల ప్రణాళికాధికారమునకు త్రోవ తీసినది. అదే ఏట జూన్ 1న అమలైన 74వ సవరణ, ప్రతి జిల్లాకు ఒక ప్రణాళికా సంఘ ముండవలెననియు, అందు ఐదింట నాలుగు వంతులకు తక్కువ కాకుండ సభ్యులు పంచాయతీలలోను పురపాలక సంఘములలోను ఎన్నికైనవారే కావలెననియు, పల్లెలకును పట్టణములకును ఉమ్మడియైన విషయములను, నీటి పంపకమును పరిసరముల రక్షణను సైతము, ఆ సంఘము పరిగణింపవలెననియు విధించినది. పట్టణపు మురుగు మీ వాగులో కలియుచున్నదని వ్రాసితివి గదా, ఆ మొర పెట్టుకొనదగిన చోటు ఇదియే. అయితే క్రిందనుండి పొరుగు పంచాయతీలు కూడి వ్రాసిన పత్రము రానిదే పైనున్నవారు దేనిని సమన్వయింతురు?

కావున ఈ మాసములోనే ఎగువ గ్రామపు కార్యదర్శిని కలిసికొనుము. రెండూళ్ల బోరుల సంఖ్యను, వాని నీటిమట్టములను, వరి వేయదలచిన ఎకరములను ఒకే పట్టికలో వ్రాసి, రెండు గ్రామసభలలోను బిగ్గరగా చదివింపుము. బిందెలు మోసెడి ఆడవారికి ముందు మాటలాడు అవకాశ మిమ్ము. ఏ వీధి కుళాయి ఏ నెలలో సన్నగిల్లునో వారికి తెలిసినంతగా మరెవ్వరికి తెలియదు. నీవు వ్రాసిన బోరు పద్దు నుంచవలెనో, ఆ ధనముతో ఉభయగ్రామముల నడుమనున్న ఊటకుంట పూడిక తీయించవలెనో ఆ సభలే తేల్చును. పట్టిక సిద్ధమైన పిమ్మట ప్రతి నొకదానిని నాకును పంపుము.

ఇట్లు,
నీ మామయ్య