సందేహాలు – సమాధానాలు: ఒకే బల్ల, వేరు వేరు సంఘాలు

*మా అమ్మమ్మ వాళ్ళది డోర్నకల్ దగ్గర పల్లె. ఆమె చివరిదాకా "మనం చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్ళం" అనేది. మా అత్తగారిది మెదక్. అక్కడి పెద్దలు "మాది వెస్లియన్ మిషన్" అంటారు. రెండు ఊళ్ళలోనూ గుడి బోర్డు మీద సి.ఎస్.ఐ. అనే ఉంది. ఇంతకీ మేం ఆంగ్లికన్లమా, కాదా?*
– ఒక పాఠకురాలు, ఖమ్మం

మీ అమ్మమ్మ అన్నదీ నిజమే, అత్తగారి ఊరి పెద్దల మాటా నిజమే. ఒకరి పనిలోకి ఒకరు రాకుండా ఉండాలని మిషనరీలు అప్పట్లో ప్రాంతాలు పంచుకున్నారు. బందరు వైపు ఆంగ్లికన్లైన సి.ఎం.ఎస్. వాళ్ళకు, మెదక్ వెస్లియన్ మెథడిస్టులకు, కడప లండన్ మిషన్‌కు, గుంటూరు లూథరన్లకు, ఒంగోలు, నెల్లూరు అమెరికన్ బాప్టిస్టులకు వచ్చాయి. అంటే మన ముత్తాతలు సిద్ధాంతాలు తూచి సంఘాన్ని ఎంచుకున్నవాళ్ళు కారు. ఏ మిషన్ బండి తమ ఊరి దారి పట్టిందో ఆ సంఘం వాళ్ళయ్యారు. ఇంగ్లండులో వెస్లీ అనుచరులకూ బిషప్పులకూ ఎందుకు చెడిందో మెదక్ పల్లెలో రైతుకు ఏం తెలుసు? ఎక్కడివాళ్ళ తగవునో మనం ఇంటిపేరులా మోశాం.

ఈ బరువు అందరికంటే ముందు గట్టిగా తెలిసినవాడు మీ అమ్మమ్మగారి బిషప్పే. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. తెలుగు నేర్చుకుని డోర్నకల్‌లో పనిచేయడానికి వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకమైంది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. యూరప్‌లో సంఘాలు చీలిపోతే అది బలహీనత కావచ్చు గాని, క్రైస్తవులు పిడికెడుమందే ఉన్న దేశంలో అది పాపమని ఆయన 1927లో సంఘాల ఐక్యత గురించి లొసాన్‌లో జరిగిన సభలో ముఖం మీదే చెప్పారు. అంతకు ముందే, 1919 మేలో, తరంగంబాడిలో వివిధ సంఘాల వాళ్ళు 33 మంది కూర్చుని ఐక్యత కోసం ప్రకటన రాశారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య అక్కడ ముందుండి నడిపించారు.

ఆ మాట కార్యరూపం దాల్చడానికి 28 ఏళ్ళు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. మద్రాసు, డోర్నకల్, తిన్నెవెల్లి, తిరువాంకూరు-కొచ్చిన్ ఆంగ్లికన్ డయాసిస్‌లు, మెథడిస్టులు, అప్పటికే ప్రెస్బిటేరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ కలిసి ఏర్పరచుకున్న ఎస్.ఐ.యు.సి. అందులో ఒకటయ్యారు. అజరయ్య దాన్ని చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన కట్టించిన డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్‌లో నిలబడి ఈ తేదీలు తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. చేరిన రోజునే మనవాళ్ళు ఆంగ్లికన్ కుటుంబం నుంచి బయటికి వచ్చినట్టయింది. 1948 లాంబెత్ సభలో ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులు సి.ఎస్.ఐ. అభిషేకాలు చెల్లుతాయా లేదా అని రెండుగా చీలిపోయారు. 1955లో ఇంగ్లండు సంఘం కొన్ని షరతులతో సహవాసానికి ఒప్పుకుంది. ఆ తర్వాత మెల్లగా తలుపు తెరుచుకుంది. 1988 లాంబెత్ సభకు సి.ఎస్.ఐ. బిషప్పులు పూర్తి సభ్యులుగా వెళ్ళారు. నేడు సి.ఎస్.ఐ. ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో సభ్య సంఘం. ప్రపంచ మెథడిస్టు కౌన్సిల్‌లోనూ, రిఫార్మ్‌డ్ సంఘాల ప్రపంచ కూటమిలోనూ కూడా సభ్యురాలే. కనుక మీరు ఆంగ్లికన్లే, కాని ఆంగ్లికన్లు మాత్రమే కారు.

*1947లో మా నంద్యాల వాళ్ళు చేరలేదని విన్నాను. అందరూ కలుస్తుంటే మనవాళ్ళెందుకు మొండికేశారు?*
– ఒక యువజన కార్యదర్శి, నంద్యాల

మొండితనం అనకండి బాబూ. వాళ్ళ బాధ అర్థం చేసుకోవలసినది.

సంఘాల మధ్య తగవు ఎక్కడ మొదలైనా చివరికి ఒకే చోట ఆగుతుంది: పాస్టరు తలమీద చేయి పెట్టినదెవరు? ఇతర సంఘాలతో కలవడానికి ఏమేం ఉండాలో ఆంగ్లికన్లు 1888 లాంబెత్ సభలో నాలుగు మాటల్లో తేల్చారు. పరిశుద్ధ గ్రంథం, అపొస్తలుల, నైసియా విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మమూ ప్రభు భోజనమూ అనే రెండు సంస్కారాలు, నాలుగోది తరతరాలుగా చేతి నుంచి చేతికి వస్తున్న బిషప్పు పదవి. మొదటి మూడింటి దగ్గర పెద్దగా పేచీ రాలేదు. నాలుగోదే ముల్లు.

మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ పాస్టర్లను బిషప్పులు అభిషేకించలేదు. కలిసేటప్పుడు వాళ్ళకు మళ్ళీ చేతులుంచాలా? ఉంచితే ఇన్నాళ్ళూ వాళ్ళు చేసిన సేవ ఉత్తదని ఒప్పుకున్నట్టే. ఉంచకపోతే ఆంగ్లికన్ మనసు ఒప్పదు. సి.ఎస్.ఐ. పెద్దలు తేల్చినదేమిటంటే, ఉన్నవాళ్ళు ఎవరికీ మళ్ళీ అభిషేకం వద్దు. ఇకమీదట అయ్యేవాళ్ళందరికీ బిషప్పు చేతులే. ముప్పై ఏళ్ళలో తేడా దానంతట అదే కరిగిపోతుంది. ఏ సంఘానికీ దాని మనస్సాక్షికి పట్టని ఆరాధననో సేవకుణ్ణో బలవంతంగా రుద్దబోమని మాట కూడా ఇచ్చారు. ఇరవయ్యో శతాబ్దంలో క్రైస్తవ పెద్దలు తీసుకున్న నిర్ణయాల్లో ఇంత ధైర్యమైనది నాకు మరొకటి కనిపించదు. 1970లో నాగపూర్‌లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘం మరో దారి పట్టింది. అక్కడ అందరూ ఒకరి తలమీద ఒకరు చేతులుంచి ప్రార్థించుకున్నారు.

నంద్యాల ప్రాంతం ఎస్.పి.జి. మిషన్‌ది. ఆంగ్లికన్ సంప్రదాయాన్నీ, సంస్కారాల గౌరవాన్నీ ప్రాణంగా పట్టుకున్న మిషన్ అది. బిషప్పు చేయి పడనివాళ్ళు బల్ల దగ్గర నిలబడతారనే ఊహే అక్కడి వాళ్ళలో చాలామందికి మింగుడుపడలేదు. సి.ఎస్.ఐ.కి వెలుపల ఉండి కలకత్తా మెట్రోపాలిటన్ కిందే కొనసాగారు. ఈ భయం వాళ్ళొక్కరిదే కాదు. ఇంగ్లండులో కవి టి.ఎస్. ఎలియట్ 1943లోనే ఈ పథకాన్ని ఖండిస్తూ ఒక చిన్న పుస్తకం వేశాడు. కాలం గడిచాక నంద్యాల కూడా సి.ఎస్.ఐ.లోకి వచ్చింది. 2013లో సి.ఎస్.ఐ. మొదటి మహిళా బిషప్పుగా ఎగ్గోని పుష్పలలితగారు అభిషిక్తులైనది మీ నంద్యాలకే. మీ యువజనులకు ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పండి.

*మాది సి.ఎస్.ఐ. మా అబ్బాయి ఆర్.సి.ఎం. అమ్మాయిని చేసుకుంటున్నాడు. వాడు మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలని కొందరు భయపెడుతున్నారు. ఆమె గుడిలో మేము ప్రభు భోజనం తీసుకోవచ్చా?*
– ఒక తండ్రి, విజయవాడ

మొదటి భయం వదిలేయండి. మీరు బాప్తిస్మం అంటారు, వాళ్ళు జ్ఞానస్నానం అంటారు. నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో జరిగితే కతోలిక సంఘం దాన్ని అంగీకరిస్తుంది. జరిగిందా లేదా అన్న గట్టి అనుమానం ఉంటే తప్ప మళ్ళీ ఇవ్వకూడదన్నది వాళ్ళ చట్టమే. మీ అబ్బాయి బాప్తిస్మపు సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి. ఈ పెళ్ళికి వాళ్ళ పీఠాధిపతుల అనుమతి కావాలి. తన విశ్వాసాన్ని విడవననీ, పిల్లలకు కతోలిక జ్ఞానస్నానం ఇప్పించడానికి చేతనైనంత చేస్తాననీ ఆ అమ్మాయి మాట ఇవ్వాలి. ఆ మాట సంగతి మీ అబ్బాయికి ముందే తెలియజేస్తారు. పెళ్ళి చర్చల్లో దీన్ని దాటవేయకండి. పిల్లలు పుట్టాక తేల్చుకుందామనుకున్న ఇళ్ళలో కన్నీళ్ళు చూశాను.

రెండోది కష్టమైన ప్రశ్న. మామూలుగా అయితే తీసుకోకూడదు. ప్రాణాపాయం లాంటి అవసరాల్లో, కొన్ని షరతులతో తప్ప కతోలిక గురువులు ఇతర సంఘాలవారికి సత్ప్రసాదం ఇవ్వరు. దీనికి వెనక పాత గాయం ఉంది. ఆంగ్లికన్ అభిషేకాలు పూర్తిగా చెల్లనివని 1896లో 13వ లియో పోపు ప్రకటించారు. దాన్ని ఇంతవరకు ఉపసంహరించలేదు. అక్కడా చేయి పెట్టినదెవరన్న ప్రశ్నే.

అయినా మనుషులు చట్టం కంటే ఒక అడుగు ముందుంటారు. 1966 మార్చిలో కాంటర్బరీ ఆర్చిబిషప్ మైకేల్ రామ్సే రోముకు వెళ్ళినప్పుడు ఆరవ పౌలు పోపు తన వేలి ఉంగరం తీసి ఆయన వేలికి తొడిగారు. బిషప్పుకు ఉంగరం అంటే పదవికి గుర్తు. కాగితం మీద చెల్లదన్న పదవిని ఆ చేయి గౌరవించింది. రెండు సంఘాల వేదాంత పండితులు అప్పటి నుంచి మాట్లాడుకుంటూనే ఉన్నారు. పెళ్ళినాడు మీరు బల్ల దగ్గరకు వెళ్ళకుండా కూర్చోవలసి వస్తే అది మీకు అవమానం కాదు, రెండు సంఘాలకూ నొప్పి. ఆ నొప్పిని దాచకండి, దాన్ని పట్టుకుని పోట్లాడకండి కూడా.

*లెస్టర్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడి ఆంగ్లికన్ గుడిలో నన్ను బల్లకు రానిస్తారా? పక్క వీధి మెథడిస్టులతో వీళ్ళు మనలా కలవలేదా?*
– ఒక విద్యార్థి

రానిస్తారు, సంకోచం లేకుండా వెళ్ళు నాయనా. ఇక కలవడం సంగతి. ఇంగ్లండులో ఆ ప్రయత్నం 1972లో జనరల్ సినడ్‌లో కావలసినంత మెజారిటీ రాక కూలిపోయింది. 2003లో ఇరువురూ ఒక నిబంధన మీద సంతకం చేశారు, విలీనం మాత్రం కాలేదు. వాళ్ళ దగ్గర పుట్టిన చీలికను వాళ్ళకంటే ముందే మనం మాన్పుకున్నాం. అక్కడ ఎవరైనా అడిగితే సిగ్గుపడకుండా చెప్పు.

*గుంటూరు లూథరన్లం మేము. మేమెందుకు చేరలేదు?*
– ఒక ఉపాధ్యాయిని

సి.ఎస్.ఐ., లూథరన్ల మధ్య ఏళ్ళ తరబడి సిద్ధాంత చర్చలు జరిగాయి. చాలా విషయాల్లో ఏకాభిప్రాయం కూడా వచ్చింది. కాని ఒప్పుకోలు పత్రాల విలువ, బిషప్పుల స్థానం దగ్గర అడుగు ఆగింది. బాప్టిస్టులకు పసిపిల్లల బాప్తిస్మం అడ్డు. కలవకపోయినా కలిసి చదువుకోవడం మాత్రం సాధ్యమైంది. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో మీ పాస్టర్లూ, బాప్టిస్టుల పాస్టర్లూ, మా పాస్టర్లూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మీ పాస్టరుగారిని అడగండి, ఆయన స్నేహితుల్లో సి.ఎస్.ఐ. వాళ్ళు తప్పక ఉంటారు.

*ప్రభు భోజనానికి ముందు చేతులు కలిపి సమాధానం చెప్పుకోవడం ఇంగ్లీషువాళ్ళు నేర్పిందేనా?*
– ఒక సంఘ పెద్ద, మచిలీపట్నం

కాదండీ. ఇది కేరళ సిరియన్ క్రైస్తవుల ఆచారం. 1950లో సి.ఎస్.ఐ. తన ఆరాధన క్రమం రాసుకున్నప్పుడు దీన్ని అక్కడి నుంచి తెచ్చుకుంది. తర్వాత దశాబ్దాల్లో ఆంగ్లికన్ సంఘాలు తమ ఆరాధన క్రమాలు సవరించుకున్నప్పుడు సి.ఎస్.ఐ. క్రమాన్ని శ్రద్ధగా చదివి చాలా నేర్చుకున్నాయి. అసలు పద్ధతి షేక్‌హాండ్ కాదు. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనించాలి. ఇద్దరూ ఎడమచేతిని పైన కప్పాలి. ప్రెస్బిటర్ బల్ల దగ్గర తన తోటి సేవకులకు ఇస్తారు, వాళ్ళు దిగివచ్చి వరుస చివర కూర్చున్నవారికి, అక్కడి నుంచి పక్కవారికి. మీ సంఘంలో దాన్ని ఊపుడు కరచాలనంగా మార్చేసి ఉంటే, వచ్చే ఆదివారం పిల్లలకు పాత పద్ధతి చూపించండి.