డ్రిప్ సబ్సిడీ ఎలా వస్తుంది? డ్రిప్ పెట్టినా బోరు ఎందుకు ఎండుతోంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఏ ఊరి సభకు వెళ్లినా రైతులు అడిగే మాట ఒకటే. "సార్, డ్రిప్ పెట్టినాము. అయినా బోరు పోయింది. ఎందుకు?" న్యాయమైన ప్రశ్న. ముందు డబ్బు సంగతి చూసి, తర్వాత దీనికి వద్దాం.

వాతావరణ మార్పును తట్టుకోవడానికి కేంద్రం 2008లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అందులో ఎనిమిది మిషన్లు ఉన్నాయి. ఒకటి జల మిషన్. నీటి వాడకంలో సామర్థ్యాన్ని 20 శాతం పెంచాలన్నది దాని లక్ష్యం. మన పొలంలో పరిచే నల్ల పైపు ఆ లక్ష్యానికి పనికొచ్చేదే. మనకిది కొత్త కాదు. 1990లలో కుప్పంలో వచ్చిన ఇజ్రాయెల్ డ్రిప్ ప్రాజెక్టు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2003 నవంబరులో రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం మొదలైంది.

ఇప్పుడు "ప్రతి చుక్కకు మరింత పంట" పథకం కింద చిన్న, సన్నకారు రైతుకు 55 శాతం, మిగతా రైతులకు 45 శాతం సబ్సిడీ ఉంది. ఇందులో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు భరిస్తాయి. దీనిపైన రాష్ట్రం అదనంగా కలుపుతుంది, కాబట్టి మీ వాటా ఇంకా తగ్గుతుంది. ఒక రైతుకు 5 హెక్టార్ల వరకే. ఒకసారి తీసుకున్న భూమికి మళ్లీ కావాలంటే 7 ఏళ్లు ఆగాలి. ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి: సబ్సిడీ లెక్క కట్టేది ప్రభుత్వం నిర్ణయించిన యూనిట్ ధర మీద. కంపెనీ బిల్లు ఎక్కువైతే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

ఇక బోరు సంగతి. కాగితం తీసుకుని లెక్క వేయండి. ఎకరాలో 4 అడుగులకో లేటరల్, 40 సెంటీమీటర్లకో డ్రిప్పర్ ఉంటే సుమారు 8,400 డ్రిప్పర్లు. గంటకు 2 లీటర్ల డ్రిప్పరైతే ఎకరాకు గంటకు 17,000 లీటర్లు దాకా పోతాయి. మండే ఎండల్లో టమాటా తోటకు రోజుకు 5 మిల్లీమీటర్లు కావాలనుకుందాం. అంటే ఎకరాకు 20,000 లీటర్లు. గంటా పది నిమిషాల్లో అయిపోతుంది.

మనం చేసేదేమిటి? ఆటో స్టార్టర్ పెట్టి ఇంటికి పోతాం. కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది, పోయేదాకా ఆగదు. 6 గంటలు వదిలితే లక్ష లీటర్లు. ఎకరమంతా అంగుళం మందాన నీళ్లు నిలబెట్టినా అంతే అవుతుంది. 9 గంటలు వదిలితే అంగుళంన్నర, అదీ రోజూ! పైన చూస్తే చాళ్ల మధ్య నేల పొడిగానే కనిపిస్తుంది. నీళ్లు వేరు దాటి కిందికి పోయి ఉంటాయి, ఎరువునూ వెంట తీసుకుపోతాయి. కరెంటు ఉచితం కాబట్టి ఆ ఖర్చు ఏ బిల్లులోనూ కనబడదు.

రెండో కారణం చెప్పడానికి నాకే కాస్త ఇబ్బంది. నీళ్లు మిగిలాయని ఎకరం టమాటాను రెండెకరాలు చేస్తాం. రాబడి పెరుగుతుంది, తప్పు పట్టలేను. కానీ బోరు మీద భారం తగ్గదు. మా నాయన కూడా అదే చేశాడు. మూడో బోరు వేసినప్పుడు గానీ ఆయనకు లెక్క తెలియలేదు. ఆ బోరు అప్పు డ్రిప్‌లో మా వాటా కంటే ఎక్కువైంది.

2025 ఆగస్టులో హంద్రీ-నీవా నీళ్లు కుప్పం దాకా వచ్చాయి, సంతోషం. అయితే అవి శ్రీశైలం నుంచి మెట్టు మెట్టుగా ఎత్తిపోసిన నీళ్లు. చెరువులు నిండితే చుట్టుపక్కల బోర్లకు ఊపిరి వస్తుంది. అన్ని ఊళ్లకూ కాలువ రాదు.

దరఖాస్తు రైతు సేవా కేంద్రంలో చేసుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకెళ్లండి. బోరో బావో ఏదో ఒక నీటి వసతి ఉండాలి. దరఖాస్తు తర్వాత పొలాన్ని కొలిచి అంచనా వేస్తారు. అందులో మీ వాటా ఎంతో కాగితం మీద చూసుకున్నాకే కట్టండి, రసీదు దాచుకోండి. పరికరాలు బిగించాక తనిఖీ ఉంటుంది. ఆ రోజు మీరు పొలంలోనే ఉండి, మోటారు వేయించి, చివరి లేటరల్ చివరి డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి చూడండి. మొదటి డ్రిప్పర్‌కూ దానికీ తేడా బాగా ఉంటే సంతకం చేయకండి, సరిచేయమని అడగండి.

ఫిల్టరును వారానికోసారి కడగాలి. ఆటో స్టార్టర్ పక్కన టైమర్ ఒకటి బిగించుకోండి. దానికి సబ్సిడీ అడగక్కర్లేదు.